మగ్గం దిగని జంఖానా

మొన్న మా మేనల్లుడు మడికొండలో కొత్తగా తెరిచిన ఒక కాఫీ దుకాణానికి తీసుకుపోయాడు. "మామా, నీకు పాటలంటే పానం గదా, ఈడ ప్రతి శనివారం లైవ్ మ్యూజిక్ ఉంటది" అన్నాడు. పోయి కూర్చున్నాం. గిటారు పట్టుకున్న అబ్బాయి బాగానే పాడాడు, అబద్ధం చెప్పకూడదు. కానీ అతను పాడుతున్నంతసేపూ చుట్టూ ప్లేట్ల చప్పుడు, ఫోన్లు, నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. ఎవరో ఒకరు లేచి "పాట ఇనెతందుకు వచ్చిన్రా, పకోడీలు తినెతందుకు వచ్చిన్రా?" అని గదమాయిస్తారేమోనని చూశాను. ఎవరూ లేవలేదు. అలా గదమాయించే మనిషి పోయి ఏడాది అవుతోంది.

ఆమె పేరు రాయను. పేరుపెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు కూడా. అందరికీ పెద్దక్క. కొత్తవాడలో జంఖానాలు నేసే ఇళ్ళ మధ్య ఒక రేకుల షెడ్డు ఆమెది. నేల మీద పరుచుకునే మందపాటి నూలు తివాచీలను మా వైపు జంఖానాలంటాం. పెళ్ళి అయినా, భజన అయినా, మసీదులో నమాజు అయినా అది పరిస్తేనే కూర్చుంటాం. షెడ్డులో గోడవారగా రెండు మగ్గాలు, మధ్యలో ఖాళీ జాగా. వారంలో ఆరు రోజులు మగ్గాల చప్పుడు, ఆదివారం మగ్గానికి సెలవు. ఆ ఒక్కరోజు నిశ్శబ్దం వృథా పోతోందని ఆమె భర్త ఒకప్పుడు నలుగురు పాటగాళ్ళను పిలిచి కూర్చోబెట్టాడట. ఆయన పోయాక కూడా ఆమె ఆపలేదు. నాలుగింటికి తలుపు తీసేది, ఆరింటికి మూసేది. టికెట్టు లేదు, స్టేజీ లేదు, మైకు అసలే లేదు. ఒకసారి ఎవరో మైకు తెస్తామంటే "ఫంక్షన్ హాలుకు వోర్రి" అని పంపేసింది.

నేను కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆ షెడ్డులో ఫ్యూజు పోయిందని ఫిర్యాదు వస్తే ఒక ఆదివారం పోయాను. ఫ్యూజు వేసి, లోపల ఎవరో పాడుతుంటే విందామని గడప మీద కూర్చున్నాను. పన్నెండేళ్ళపాటు దాదాపు ప్రతి ఆదివారం అక్కడే కూర్చుని విన్నాను, పాడాను.

ఆమె పాడేది కాదు. పాడమంటే "నా గొంతుకన్న మగ్గం సప్పుడే నయం" అనేది. చేతులు ఊరికే ఉంచుకోవడం మాత్రం చేతకాదు. గోడకు ఆనుకుని, రాట్నం ముందేసుకుని, మర్నాటి నేతకు దారం కండెలు చుట్టుకుంటూ వినేది. పాట నచ్చితే ఆమె చెయ్యి ఆగేది. చప్పట్లు లేవు, శభాష్ లేదు, రాట్నం ఆగడమే మెప్పు. కొత్తవాళ్ళు ఆమె అసలు వినడమే లేదనుకునేవారు. పాతవాళ్ళం మాత్రం పాటలో లీనమైపోయినట్టు కళ్ళు సగం మూసి, ఓరకంట రాట్నాన్నే చూసేవాళ్ళం. పన్నెండేళ్ళలో నా పాటకు అది ఒక్కసారి ఆగింది. పొంగిపోయి చరణం మళ్ళీ ఎత్తుకున్నాను. పాట అయ్యాక చూస్తే ఆమె దారం ముడేసుకుంటోంది. "ఏమనుకోకు తమ్మీ, తెగింది" అంది. ఏమనుకుంటాను, రెండు వారాలు మొహం మాడ్చుకుని అటువైపే పోలేదు.

బాగా పాడనివాళ్ళను ఆమె ఒక్క మాట అనేది కాదు. పాట కాగానే "నీళ్ళు తాగుతవా బిడ్డా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు అర్థమేమిటో అందరికీ తెలుసు. ఆ షెడ్డులో నేను తాగినన్ని నీళ్ళు మా ఇంట్లో కూడా తాగి ఉండను. అయినా ఎవరినీ రావద్దనలేదు. పాటల పేర్లు ఆమెకు గుర్తుండేవి కావు. మనిషిని బట్టి పాటకు పేరు పెట్టేది. తొర్రూరు నుంచి బస్సులో వచ్చి, పత్తి చేలలో పాడుకునే పాటలు పాడే ఒకామె ఉండేది. ఆమెను "తొర్రూరామే, గా నడుం నొప్పి పాట ఎత్తుకో" అనేది. నిజంగానే అది వంగి వంగి పత్తి ఏరేవాళ్ళ పాట.

రాట్నాన్ని మొదటి పల్లవికే ఆపగలిగినవాడు మా అందరిలో ఒక్కడే, హార్మోనియం చాచా. వృత్తికి దర్జీ. వేళ్ళకు సూది గుచ్చుకున్న మచ్చలుండేవి, ఆ వేళ్ళు హార్మోనియం మెట్ల మీద పడితే మాత్రం షెడ్డులో అందరి వెన్నూ నిటారుగా అయ్యేది. ఎవరు పాడినా శ్రుతి ఆయనే ఇచ్చేవాడు. ఆయన పాడుతుంటే పెద్దక్క "చాచా, నువ్వు పాడితె నా పని ఖరాబైతది" అని విసుక్కునేది. ఆ విసుగు ఒక్కసారి నా మీద పడితే చాలనుకునేవాణ్ణి. నాకు చాచా అంటే ఎంత ఇష్టమో అంత కుళ్ళు కూడా.

కరోనా వచ్చింది. దేశమంతా ఇంట్లో ఉండమన్న మొదటి రోజే ఆదివారం. మాకు డ్యూటీ తప్పదు కాబట్టి పాసు మెడలో వేసుకుని తిరుగుతున్నాను. నాలుగింటికి అటు పోతే షెడ్డు తలుపు తీసే ఉంది. నేల ఊడ్చి, జంఖానా పరిచి, ఆమె రాట్నం ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎవ్వలు రారక్కా ఇయ్యాళ. బయటికి ఎల్లొద్దన్నరు" అన్నాను.

"ఎర్కనే. ఊడ్సుడు బందు వెట్టమన్లేదు గదా" అంది. నేను లోపలికి అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడ్నే నిలవడు తమ్మీ. ఊరంత తిరిగొచ్చినవ్."

ఆ తర్వాత మాలో ఢోలక్ వాయించే, ఆటో నడుపుకునే తమ్ముడు ఒక ఉపాయం పన్నాడు. ఫోన్లో అందరం ఒకేసారి కలిసి పాడుకుందామన్నాడు. కలిశాం. చాచా హార్మోనియం ఒక దెబ్బ ఆలస్యంగా వచ్చింది. ఢోలక్ దానికన్నా ముందే పరుగెత్తింది. నేను పల్లవిలో ఉంటే తొర్రూరామె చరణం ముగించేసింది. పాట అయిపోయిందని ఢోలక్ ఆగిపోయాక కూడా నా గొంతు వాళ్ళ ఫోన్లలో ఇంకా వస్తూనే ఉందట. పెద్దక్క "ఎవలింట్ల వాళ్ళు పాడుకుంటె అది తానం జేసుకుంట పాడే పాటనే గదా" అని ఫోను కట్టేసింది. మళ్ళీ ఆ ప్రయత్నం ఎవరూ చేయలేదు.

అసలు గండం ఇంట్లోంచే వచ్చింది. షెడ్డు ఆమె భర్తదీ, ఆయన తమ్ముడిదీ ఉమ్మడి ఆస్తి. మరిదికి టెంట్ హౌస్ ఉండేది. పెళ్ళిళ్ళు ఆగిపోయి కుర్చీలూ గిన్నెలూ మూలన పడ్డాయి. ఆ షెడ్డులో నీళ్ళ డబ్బాల దుకాణం పెట్టుకుని బతుకుతానన్నాడు. ఆ రోజు నేను మీటరు దగ్గర పనిలో ఉన్నాను కాబట్టి మాటలన్నీ విన్నాను.

"జంఖానాలు కొనెటోడు లేడు వదినా, పాటలు పాడెటోడు లేడు. షెడ్డు ఊకెనే ఉన్నది. మగ్గాలు తీసి ఇంట్ల పెట్టుకుందాం" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, పాపం. అతనికి ఇద్దరు పిల్లలు. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఒకసారి డబ్బాలు వచ్చి చేరితే మళ్ళీ కదలవు, మా ఆదివారం అంతటితో సరి.

పెద్దక్క మగ్గం వైపు చెయ్యి చూపింది. "పెద్దమగ్గానికి పడుగెక్కిచ్చిన. అది దిగినంక మాట్లాడుకుందాం" అంది.

అతను మగ్గం వైపు చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. నేతవాళ్ళ ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. పడుగు దారాలు ఎక్కించాక, నేత పూర్తి కాకుండా మధ్యలో కోయరు, ఆ మగ్గాన్ని కదిలించరు. అరిష్టమంటారు. ఆస్తి తగాదాలున్నా, చావులున్నా నేత దిగేదాకా మగ్గం జోలికి ఎవరూ పోరు.

"ఎవ్వలిచ్చిన్రక్కా ఆర్డరు?" అని అడిగాను, అతను పోయాక.

"ఎవ్వలియ్యలే. మనకే" అంది.

మసీదుల కోసం నేసే జంఖానాల్లో ఒక్కొక్కరు నిలబడడానికి ఒక్కొక్క గడి ఉంటుంది, వరుసగా. ఆమె చేయి తిరిగిన పని అది. ఆ పద్ధతిలోనే మా షెడ్డుకు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పొడుగాటి జంఖానా మొదలుపెట్టింది. అయితే గడికీ గడికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. "దూరం దూరం కూసోర్రి అంటాన్రు గదా సర్కారోళ్ళు. కూసుందాం. రేపు తలుపు తీస్తె ఎవ్వడు వచ్చి మనల్ని లేపద్దు" అంది. ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చేవాళ్ళం పద్నాలుగు మందిమి. పద్నాలుగు గళ్ళు, ఒక్కొక్కటి ఒక్కో రంగు. మొదటి గడి చాచాది, ఆకుపచ్చ. నాది ఎరుపు. "కరెంటోనివి గదా, డేంజర్ బోర్డు" అని నవ్వింది.

పొద్దంతా కోడలితో కలిసి మాస్కులు కుట్టేది. సాయంత్రం ఒక గంట మగ్గమెక్కేది. మరిది పది రోజులకోసారి వచ్చి నిలబడేవాడు.

"ఇంకెన్ని గళ్ళు వదినా?"

"ఆరు."

నెల తర్వాత వచ్చి మళ్ళీ అడిగేవాడు.

"ఇంకెన్ని?"

"ఆరే."

నాకు లెక్క తెలియక కాదు. ఒకరోజు చనువు కొద్దీ అడిగేశాను. "అక్కా, నా ఎర్ర గడి పోయినవారమే అయిపోయె గదా?"

"రంగు కలవలే. ఇప్పిన" అంది తల ఎత్తకుండానే. పేక దారం మళ్ళీ కండెకు చుట్టుకుంటోంది. అప్పుడర్థమైంది నాకు. మరిదితో ఒక్క అబద్ధం ఆడకుండా, ఒక్క గొడవ పడకుండా, ఆ మహాతల్లి షెడ్డును అట్లా దారాలతో పట్టి ఆపుతోంది. ఆ రోజు ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. దూరం పాటించాలి కాబట్టి గడప దగ్గర నుంచే దండం పెట్టాను. "ఏం రోగమొచ్చిందిరా నీకు?" అంది.

ఆ ఏడు చివర్లో కేసులు తగ్గినట్టనిపించింది. నాకు ఆగలేదు. తలుపేసుకుని నలుగురం పాడుకుందామని పెద్దక్క దగ్గర పోరుపెట్టాను. పాట లేక గొంతు తుప్పు పట్టిందన్నాను. చాచా కూడా సై అన్నాడన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "జర ఓపిక పట్టు. మంది మొత్తం రావాలె, తలుపు తెరిసి ఉండాలె. గప్పుడే" అంది. నేను విసురుగా వచ్చేశాను. ముసలిదానికి భయం పట్టుకుందని ఆటో తమ్ముడితో అన్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

వేసవిలో రెండోసారి వచ్చింది కరోనా. చాచాను దవాఖానలో చేర్చారు. తొమ్మిదో రోజు పోయాడు. మట్టి వేయడానికి కూడా పోలేకపోయాం. ఆ సంగతి చెప్పడానికి కొత్తవాడ పోతే ఆమెకు అప్పటికే తెలుసు. మగ్గం మీద కూర్చుని ఉంది, నేయడం లేదు. నేత చుట్టుకుని లావెక్కిన మగ్గం దోనె మీద చెయ్యి పెట్టుకుని ఉంది. "మొదటిది ఆయనదే తమ్మీ. లోపల్లోపల సుట్టుకున్నది" అంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం, ఆమె మగ్గం మీదా, నేను గడప మీదా.

వానలు పడి, టీకా సూదులు వేయించుకుని, జనం మళ్ళీ బయట తిరగడం మొదలుపెట్టాక ఒక శుక్రవారం కబురొచ్చింది. "జంఖానా దించుతాన. ఆదివారం రార్రి."

మిగిలిన పదమూడు మందిమీ పోయాం. మగ్గం మీంచి కోసి తెచ్చి పరిచారు. మొదట నేసింది చివర్న విప్పుకుంటుంది కదా, అన్ని రంగులూ అయ్యాక గోడవైపు ఆకుపచ్చ గడి బయటపడింది. నేను చాచా ఫోటో పటం కట్టించి తెచ్చాను. బంతిపూల దండ కూడా. చాచా ఇంట్లో పటానికి దండ వేసే ఆచారం లేదన్న ఆలోచన కూడా రాలేదు నాకు. పటాన్ని ఆకుపచ్చ గడిలో నిలబెట్టి, దాని ముందు హార్మోనియం పెట్టాను. ఎవరి గళ్ళలో వాళ్ళు కూర్చున్నాం. శ్రుతి ఇచ్చేవాడు లేడు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. తొర్రూరామె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ సమయానికి మరిది వచ్చాడు. నేత దిగింది కాబట్టి మాట ప్రకారం వచ్చాడు. చేతిలో కొలత టేపు ఉంది. మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇదే మొదటి ఆదివారం, ఇదే చివరిది అనుకున్నాను.

పెద్దక్క రాట్నం దగ్గర నుంచి లేచింది. నేరుగా ఆకుపచ్చ గడి దగ్గరికి పోయి పటాన్ని ఎత్తి గోడకు తగిలించింది. దండ తీసి నా చేతిలో పెట్టింది.

"ఆడ నిలవడ్డవేంది? ఈడ జాగ ఉన్నది, కూసో" అంది మరిదితో.

"అక్కా, అది చాచా గడి!" అని అరిచాను.

"చాచాదే. పటం పాట ఇంటదా తమ్మీ? ఇనెటోడు కూసోవాలె. పాటకు మనిషి లేక ఏడాదిన్నర సచ్చినం, మల్ల ఖాళీ జాగ ఎందుకు?" అంది. నాతో అంత మెత్తగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

మరిది చెప్పులు విడిచి వచ్చి, బెరుకు బెరుకుగా కూర్చున్నాడు. టేపు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆటో తమ్ముడు ఢోలక్ మీద చిన్నగా దరువు వేశాడు. శ్రుతి లేకుండానే తొర్రూరామె నడుం నొప్పి పాట ఎత్తుకుంది. గొంతు వణికింది, రెండుసార్లు తప్పింది. అయినా పాట సాగింది. ఒకరి తర్వాత ఒకరం పాడాం. అందరం చెడగొట్టుకున్నాం, ఎవరికీ సాధన లేదు. ఆ రోజు పెద్దక్క ఎవరినీ నీళ్ళు తాగుతారా అని అడగలేదు.

ఆరింటికి మరిది లేచాడు. కాళ్ళు తిమ్మిరెక్కి గోడ పట్టుకున్నాడు. అందరం అతని నోటి వైపే చూస్తున్నాం. పైన రేకుల వైపు చూసి, మెడ తుడుచుకుంటూ, "ఈడ నడుమ ఒక ఫ్యాను పెట్టియ్యాలె వదినా. గింత ఉక్కల ఎట్ల కూసుంటరు?" అన్నాడు.

"ఫ్యాను సప్పుడుకు పాటినవడదు" అంది ఆమె.

"పాటప్పుడు బందు జేద్దాం తియ్యి" అన్నాడు.

మర్నాడు అతనే ఫ్యాను కొనుక్కొచ్చాడు, నేను బిగించాను. నిచ్చెన పట్టుకుని నిలబడి అతను నవ్వుతూ అన్నాడు. "సారూ, నేనూ మగ్గాల నడుమ పుట్టినోన్నే. ఒక గడి నేసుడుకు ఎన్ని రోజులు వడతదో నాకెర్క లేదా? ఆమె ఇప్పుకుంట నేత్తాంటె చూసుకుంటనే పోయిన." నీళ్ళ డబ్బాలను వాళ్ళ ఇంటి వరండాలో పెట్టుకున్నాడు. ఇరుకే, కానీ నడుస్తోంది.

పెద్దక్క నిరుడు పోయింది. ఒక బుధవారం మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. ఆదివారం నాటికి ఐదో రోజు. మైల ఇల్లు, పాట ఎక్కడుంటుందని నేను లుంగీ కట్టుకుని ఇంట్లోనే పడుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఇక ఎప్పటికీ ఉండదనే అనుకున్నాను. ఆమె లేకుండా ఆ తలుపు ఎవరు తీస్తారు?

నాలుగూ పదికి ఫోన్ మోగింది. మరిది.

"సారూ, ఏడున్నవ్?"

"ఇంట్లనే అన్నా. దినాలు గూడ గాలే గదా, ఇయ్యాళ..."

అవతల ఎవరో ఢోలక్ బిగువు చూస్తున్న చప్పుడు వినిపించింది.

"మా వదినె కరోనలనే ఊడ్సుడు ఆపలే సారూ. తలుపు తీసిన, పరిసిన. తొర్రూరామె గూడ బస్సు దిగొచ్చింది. నీదొక్కటే ఖాళీ ఉన్నది, జల్ది రా."

ఏడుస్తూనే చొక్కా తొడుక్కుని బండి తీశాను. గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నానని షెడ్డులో కూర్చున్నాక చూసుకున్నాను.